మూడు సర్వర్లు, ఒకే యూపీఎస్: మెమరీలోని డేటా డిస్క్‌కి ఎప్పుడు చేరాలో ఎలా ఎంచుకోవాలి

జూన్ వచ్చిందంటే చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీల ముందు తోతాపురి ట్రాక్టర్లు వరుస కడతాయి. అందులో ఒక ట్రాక్టర్ కాటా ఎక్కిందనుకోండి. బరువు 4,380 కిలోలు. ఆపరేటర్ బటన్ నొక్కాడు, తెర మీద ‘సేవ్ అయింది’ అని పడింది, 1187 నంబరు చీటీ ప్రింటర్లోంచి బయటికొచ్చింది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. సర్వర్ గదిలో మూడు మెషీన్లున్నాయి. మూడింటికీ ఒకే యూపీఎస్, దాని బ్యాటరీలకు నాలుగేళ్ళు. జనరేటర్ అందుకునేలోపే మూడూ ఆరిపోయాయి. కరెంటు తిరిగొచ్చాక డేటాబేస్‌లో 1187 ఉంటుందా?

ఏ డేటాబేస్ కొన్నారన్నదాని కంటే, అందులో ఒకటి రెండు సెట్టింగులు ఎలా పెట్టారన్నదాన్ని బట్టే దీనికి జవాబు ఉంటుంది. చాలాచోట్ల ఆ సెట్టింగుల్ని ఎవరూ ముట్టుకోరు, డీఫాల్ట్‌గా వచ్చినవే నడుస్తుంటాయి. ఆ డీఫాల్ట్‌లు పెట్టినవాళ్ళ మనసులో ఉన్నది వేర్వేరు డేటా సెంటర్లలో, వేర్వేరు కరెంటు లైన్ల మీద నడిచే సర్వర్లు. ‘మూడు కాపీలున్నాయి, భయం లేదు’ అన్న మాట, ఆ మూడూ ఒకేసారి పోవన్న నమ్మకం మీద నిలబడింది. ఒకే యూపీఎస్ కింద ఉన్న మూడు ర్యాములు ఈ లెక్కలో ఒక్క ర్యామే.

‘సేవ్ అయింది’ అనేలోపు ఏం జరుగుతుంది

డేటాను పలు సర్వర్ల మీద పంచిపెట్టే డేటాబేస్‌లు కాసాండ్రా, స్కిల్లా, హెచ్‌బేస్, కాక్రోచ్‌డీబీ, టైకేవీ, యుగాబైట్ అన్నీ దాదాపు ఒకే దారి పడతాయి. కొత్త రికార్డు రాగానే రెండు పనులు చేస్తాయి. ఒకటి, కమిట్ లాగ్ చివర ఆ రికార్డును అతికించడం. లాగ్‌లో వెతుకులాట ఉండదు, వచ్చింది వచ్చినట్టు చివర చేర్చడమే, కాబట్టి డిస్క్‌కి అది తేలిక. రెండోది, మెమ్‌టేబుల్ అనే చోట, అంటే ర్యాములో, కీ క్రమంలో పేర్చి పెట్టడం. మెమ్‌టేబుల్ నిండితే దాన్ని మూసేసి కొత్తది తెరుస్తాయి. మూసిన దాన్ని వెనకాల తీరిగ్గా డిస్క్ మీద వరుస ఫైలుగా రాస్తాయి. దీన్నే ఫ్లష్ అంటారు. ఫ్లష్ పూర్తయ్యాక ఆ భాగానికి చెందిన పాత లాగ్ అక్కర్లేదు, తీసేస్తాయి. మధ్యలో మెషీన్ పడిపోతే, లేచాక లాగ్‌ను మొదట్నుంచి చదివి మెమ్‌టేబుల్‌ను మళ్ళీ కట్టుకుంటాయి.

ఇంతవరకు అందరూ చెప్పేదే. అసలు తేడా లాగ్‌లో అతికించడం అన్న మాట దగ్గర దాక్కుని ఉంది. ప్రోగ్రామ్ ఫైల్లో రాసినంత మాత్రాన అది డిస్క్‌కి చేరదు, లినక్స్ దాన్ని తన పేజ్ క్యాష్‌లో, అంటే మళ్ళీ ర్యాములోనే, పెట్టుకుంటుంది. ఎవరూ అడక్కపోతే ఆ పేజీకి 30 సెకన్ల వయసు వచ్చాక గానీ డిస్క్‌కి పంపాలనుకోదు. డీఫాల్ట్ అదే. ‘ఇప్పుడే డిస్క్ మీద పడేసి, పడిందని చెప్పు’ అని అడిగే పిలుపు పేరు ఎఫ్‌సింక్. ఖరీదైన పని అదొక్కటే. అందుకే డేటాబేస్‌లన్నీ దాన్ని ఎప్పుడు పిలవాలన్న దగ్గరే వేర్వేరు దారులు పట్టాయి.

ఇక్కడ రెండు రకాల చావుల్ని విడదీసి చూడాలి. డేటాబేస్ ప్రాసెస్ మాత్రమే చనిపోతే, అంటే మెమరీ చాలక లినక్సే దాన్ని చంపేసినా, ఎవరైనా కిల్ కొట్టినా, పేజ్ క్యాష్ బతికే ఉంటుంది, అందులోకి చేరిన లాగ్ డిస్క్‌కి వెళ్తుంది. కరెంటు పోయినా, కెర్నల్ కూలినా పేజ్ క్యాష్ కూడా పోతుంది. ప్రాసెస్‌ను కిల్ చేసి ‘డేటా భద్రంగానే ఉంది’ అని సంతకం పెట్టే పరీక్షలు ఎందుకూ కొరగానివి కావడానికి కారణం ఇదే.

ముందు మీ వేగం లెక్క కట్టండి

ఏ దారి పట్టాలో తేల్చడానికి రెండు అంకెలు చాలు: సెకనుకు ఎన్ని రికార్డులు వస్తాయి, మీ డిస్క్ ఒక ఎఫ్‌సింక్‌కి ఎంతసేపు తీసుకుంటుంది.

7,200 ఆర్‌పీఎం హార్డ్ డిస్క్ సెకనుకు 120 చుట్లు తిరుగుతుంది. చుట్టుకి 8.3 మిల్లీసెకన్లు. కాబట్టి ఒకదాని తర్వాత ఒకటిగా చేస్తే సెకనుకు సుమారు 120 ఎఫ్‌సింక్‌లే పైమెట్టు. దుకాణాల్లో దొరికే మామూలు ఎస్‌ఎస్‌డీ డబ్బా మీద ఎంత వేగం రాసి ఉన్నా, ఎఫ్‌సింక్ దగ్గర చాలావాటికి మిల్లీసెకన్లే పడతాయి. లోపల కెపాసిటర్లున్న సర్వర్ ఎస్‌ఎస్‌డీలు వేరు. కరెంటు పోయినా చేతిలో ఉన్నది రాసేసేంత శక్తి వాటి దగ్గర నిలవ ఉంటుంది కాబట్టి, తమ క్యాష్‌లోకి రాగానే ‘పడింది’ అని ధైర్యంగా చెప్పగలవు. అందుకే వాటికి ఎఫ్‌సింక్ మిల్లీసెకను కంటే బాగా తక్కువలోనే అయిపోతుంది. కొనేటప్పుడు అడగాల్సింది ‘పవర్ లాస్ ప్రొటెక్షన్ ఉందా’ అని. సీక్వెన్షియల్ వేగం ఎంతన్నది ఈ పనికి దాదాపు అక్కర్లేని ప్రశ్న.

మీ డిస్క్‌ను మీరే కొలుచుకోవచ్చు. ఫియో అనే టూల్‌తో ఒక్కో రైట్ 2,300 బైట్ల చొప్పున, ప్రతి రైట్ తర్వాత ఎఫ్‌డేటాసింక్ పెట్టి, మొత్తం 22 ఎంబీ రాయించండి. ఫలితంలో సగటును పట్టించుకోకండి, సింక్ సమయాల్లో 99వ పర్సెంటైల్ చూడండి, అంటే వందలో 99 సింక్‌లు ఎంతలోపు అయ్యాయో. ఎట్‌సీడీ అనే చిన్న డేటాబేస్ వాడేవాళ్ళు పెట్టుకునే గీత 10 మిల్లీసెకన్లు. అంతకంటే తక్కువుంటే మీ డిస్క్ ఈ పనికి పనికొస్తుంది.

ఇప్పుడు కాటా దగ్గరికి వద్దాం. సీజన్ పీక్‌లో కూడా ఒక గేటు దగ్గర నిమిషానికి రెండు మూడు బళ్ళకు మించి తూగవు. పది గేట్లున్నా సెకనుకు ఒక్క రికార్డు పడదు. పాత హార్డ్ డిస్క్ కూడా సెకనుకు వంద చేయగలిగినప్పుడు, ప్రతి చీటీకి ఒక ఎఫ్‌సింక్ చేయించడానికి అయ్యే అదనపు ఖర్చు సున్నా. పది మిల్లీసెకన్లు ఆలస్యమైతే ఆపరేటర్‌కి తెలియను కూడా తెలియదు. ఈ రకం పనికి ‘వేగం కోసం’ అని సింక్‌ను సడలించడంలో అర్థమే లేదు. తిరుపతి లాడ్జీల రూమ్ బుకింగ్, పాల సేకరణ కేంద్రంలో లీటర్లు, వెన్న శాతం, ఆసుపత్రి బిల్లులు, ఇవన్నీ ఇదే కోవలోకి వస్తాయి. రైతు చేతిలో చీటీ ఉండి డేటాబేస్‌లో రికార్డు లేకపోతే, ఆ తేడాను మోసేది రైతే.

వేరే కోవ ఉంది. శీతల గిడ్డంగుల సెన్సార్లు, బస్సుల జీపీఎస్, కరెంటు మీటర్ల రీడింగులు. సెకనుకు వేలల్లో వస్తాయి, ఒక్కోటి విడిగా పోయినా నష్టం లేదు, కాసేపట్లో ఇంకోటి వస్తుంది. మెమరీలో కాసేపు ఉంచుకునే పద్ధతి వీటికి సరిగ్గా సరిపోతుంది.

కాసాండ్రా, స్కిల్లా

ఈ రెండింటిలో డీఫాల్ట్ పీరియాడిక్. అంటే లాగ్‌ను 10,000 మిల్లీసెకన్లకు ఒకసారి సింక్ చేస్తాయి, కానీ ‘సేవ్ అయింది’ అన్న మాట వెంటనే చెప్పేస్తాయి. మూడు నోడ్లూ, అంటే మూడు సర్వర్లూ, ఒకేసారి ఆరితే, గరిష్ఠంగా ఆఖరి పది సెకన్ల డేటా గాలికే. సెకనుకు 500 రికార్డులు వచ్చేచోట అది 5,000 రికార్డులు. కోరమ్, అంటే మూడింటిలో రెండు ‘అందింది’ అంటేనే సేవ్ అయినట్టు అన్న నియమం, పెట్టుకున్నామన్న ధీమా ఇక్కడ పనిచేయదు. ఇద్దరు ‘అందింది’ అన్నారు నిజమే, ఇద్దరి దగ్గరా అది ర్యాములోనే ఉంది.

బ్యాచ్ మోడ్ పెడితే సింక్ అయ్యాకే జవాబు వస్తుంది. కాసాండ్రా 4.0 నుంచి గ్రూప్ అనే మూడో దారి వచ్చింది. కాసేపు ఆగి, ఆ లోపల వచ్చిన రైట్లన్నిటికీ కలిపి ఒకే ఎఫ్‌సింక్ చేస్తుంది, ఆ తర్వాతే జవాబు చెబుతుంది. ఆటోలో నలుగురు ఎక్కేదాకా ఆగి బయల్దేరినట్టు. కాన్ఫిగ్ ఫైల్లో నమూనాగా ఇచ్చిన ఆగే సమయం 1,000 మిల్లీసెకన్లు, దాన్ని అలాగే వదిలేస్తే ఆపరేటర్ విసుక్కుంటాడు. 10 మిల్లీసెకన్ల దగ్గర మొదలుపెట్టండి. మామూలు ఎస్‌ఎస్‌డీ ఉన్నచోట, రైట్లు సెకనుకు వందల్లో ఉంటే మా మొగ్గు గ్రూప్ వైపే. రైట్లు పదుల్లోపే ఉంటే, లేదా కెపాసిటర్ల ఎస్‌ఎస్‌డీ ఉంటే, నేరుగా బ్యాచ్ పెట్టండి.

మెమరీ సంగతి: మెమ్‌టేబుళ్ళకు కాసాండ్రా డీఫాల్ట్‌గా హీప్‌లో, అంటే జావా ప్రోగ్రామ్‌కి కేటాయించిన ర్యాములో, పావు వంతు ఇస్తుంది. కమిట్ లాగ్ మొత్తం 8 జీబీ లేదా ఆ డిస్క్‌లో పావు వంతు, ఏది తక్కువైతే అది. లాగ్ ఆ గీత దాటితే, బాగా పాత లాగ్ ముక్కను వదిలించుకోవడానికి అందులో రికార్డులున్న టేబుళ్ళన్నిటినీ బలవంతంగా ఫ్లష్ చేయిస్తుంది. వందల టేబుళ్ళు పెట్టి ఒక్కోదాంట్లో నాలుగు రికార్డులు రాసే డిజైన్లు ఇక్కడే దెబ్బతింటాయి. చిన్నచిన్న ఫైళ్ళు గుట్టగా పడి, వాటిని కలిపే కంపాక్షన్ ఊపిరాడక పోతుంది. ప్రతి శాఖకూ, ప్రతి మండీకీ ఒక టేబుల్ అని విడగొట్టకండి, శాఖ కోడ్‌ను కీలో పెట్టండి.

హెచ్‌బేస్, దాని లాగ్ అసలు ఎక్కడుంది

హెచ్‌బేస్ లాగ్ హెచ్‌డీఎఫ్ఎస్ అనే పలు మెషీన్ల ఫైల్ సిస్టమ్ మీద మూడు డేటానోడ్లకు, అంటే డేటా దాచే సర్వర్లకు, వెళ్తుంది. కానీ డీఫాల్ట్‌గా వాడేది హెచ్‌ఫ్లష్. మూడు డేటానోడ్ల మెమరీకి చేరిందా అన్నది మాత్రమే చూస్తుంది, డిస్క్‌కి చేరిందా అని అడగదు. అడగాలంటే వాల్ (అంటే ఈ లాగ్) హెచ్‌సింక్ సెట్టింగును ట్రూ చేయాలి. ఒకే గదిలో ఉన్న క్లస్టర్‌కి ఇది చేయకుండా డబ్బు లెక్కలు పెట్టవద్దు.

మెమ్‌స్టోర్, అంటే హెచ్‌బేస్ మెమ్‌టేబుల్, ఒక్కోటి 128 ఎంబీకి చేరితే ఫ్లష్ అవుతుంది. అన్నీ కలిపి హీప్‌లో 40 శాతం దాటకూడదు. 16 జీబీ హీప్ అయితే 6.4 జీబీ. దాన్ని 128 ఎంబీతో భాగిస్తే ఒక రీజియన్ సర్వర్ (టేబుల్ ముక్కలైన రీజియన్లను నడిపే మెషీన్) మీద ఏకకాలంలో రైట్లు తీసుకోగలిగేవి, కాలమ్ ఫ్యామిలీ (కలిపి దాచే కాలమ్‌ల గుంపు) ఒక్కటే ఉంటే, 51 రీజియన్లు. రెండొందల రీజియన్లు పెట్టి అన్నిటికీ రాస్తుంటే, ఏదీ నిండకుండానే ఫ్లష్ మొదలవుతుంది. ఒక రీజియన్ నాలుగు రెట్లు, అంటే 512 ఎంబీ దాటితే ఆ రీజియన్‌కి రైట్లు ఆగిపోయి ‘రీజియన్ టూ బిజీ’ అని ఎర్రర్ వస్తుంది. ముగ్గురు నలుగురు పనిచేసే ఆఫీసు కొత్తగా హెచ్‌బేస్ ఎంచుకోవడానికి మాకైతే కారణం కనిపించదు. చూసుకోవాల్సిన భాగాలు మరీ ఎక్కువ.

రాఫ్ట్ మీద నడిచేవి: కాక్రోచ్‌డీబీ, టైకేవీ, యుగాబైట్

రాఫ్ట్ అంటే నోడ్లన్నీ ఒకే లాగ్ మీద ఏకాభిప్రాయానికి వచ్చే పద్ధతి. అందులో మెజారిటీ నోడ్లు లాగ్‌ను తమ డిస్క్ మీద భద్రపరిచాకే రికార్డు ఖాయమైనట్టు. ఇది వేగం కోసం సడలించుకునే మర్యాద కాదు, ఆ పద్ధతికి పునాది. ముగ్గురిలో ఇద్దరు ‘నా దగ్గరుంది’ అని మాటిచ్చి, కరెంటు పోయాక అందులో ఒకరు మర్చిపోతే, మర్చిపోయినవాడూ అసలు విననివాడూ కలిసి మెజారిటీ అయిపోతారు. అప్పుడు ఖాయమైన రికార్డు లేకుండానే చరిత్ర ముందుకు సాగుతుంది. ఎర్రర్ రాదు, హెచ్చరిక రాదు, రికార్డు ఉండదు.

కాక్రోచ్‌డీబీ, టైకేవీ రెండూ మొదటి రోజు నుంచే లాగ్‌ను సింక్ చేశాకే జవాబిచ్చేలా వస్తాయి. యుగాబైట్ అలా కాదు. అందులో ‘డ్యూరబుల్ వాల్ రైట్’ అనే ఫ్లాగ్ డీఫాల్ట్‌గా ఆఫ్. 1,000 మిల్లీసెకన్లకో, 1 ఎంబీ పోగయ్యాకో, ఏది ముందైతే అప్పుడు సింక్ చేస్తుంది. నోడ్లన్నీ ఒకే జోన్‌లో ఉంటే దాన్ని ఆన్ చేసుకోమని వాళ్ళ డాక్యుమెంటేషనే చెబుతుంది. ఒకే గదిలో పెట్టేవాళ్ళు ఇన్‌స్టాల్ చేసిన రోజే మార్చాల్సిన సెట్టింగు ఇది.

టైకేవీ కింద డేటాను నిజంగా దాచే ఇంజిన్ రాక్స్‌డీబీ. రాక్స్‌డీబీ సొంత డీఫాల్ట్‌లో మెమ్‌టేబుల్ 64 ఎంబీ, అలాంటివి రెండు. ఒకటి ఫ్లష్ అవుతుండగా రెండోది కూడా నిండితే రైట్లు ఆగిపోతాయి. పై వరుసలో ఫైళ్ళు 20 అయితే వేగం తగ్గిస్తుంది, 36 అయితే పూర్తిగా ఆపేస్తుంది. ‘డేటాబేస్ ఉన్నట్టుండి అయిదు సెకన్లు బిగుసుకుపోతోంది, మళ్ళీ మామూలవుతోంది’ అని ఫిర్యాదు వస్తే ముందు అనుమానించాల్సింది దీన్నే. మెమ్‌టేబుల్ పెద్దది చేస్తే జబ్బు నయం కాదు, రావడం కాస్త ఆలస్యమవుతుంది అంతే. డిస్క్ ఫ్లష్ చేసే వేగం వచ్చే వేగానికి తగినంత లేకపోతే ఎంత పెద్ద తొట్టి కట్టినా ఒకరోజు పొంగుతుంది. పైగా మెమ్‌టేబుల్ ఎంత పెద్దదైతే, పడిపోయి లేచాక లాగ్ చదువుకోవడానికి అంత ఎక్కువ సమయం.

డబ్బు, బరువు, స్టాకు లాంటివి నడిపేవాళ్ళకి మా మొదటి ఎంపిక ఈ వర్గమే.

మోంగోడీబీలో ఆర్బిటర్ మెలిక

మోంగోడీబీ లోపలి స్టోరేజ్ ఇంజిన్ వైర్డ్‌టైగర్. దాని జర్నల్, అంటే లాగ్, 100 మిల్లీసెకన్లకోసారి డిస్క్‌కి వెళ్తుంది, పూర్తి చెక్‌పాయింట్ 60 సెకన్లకోసారి. 5.0 నుంచి డీఫాల్ట్ రైట్ కన్సర్న్ (ఎన్ని నోడ్లు ఒప్పుకున్నాక జవాబివ్వాలన్న నియమం) మెజారిటీ, దాంతోపాటు జర్నల్‌కి చేరేదాకా ఆగడం కూడా వస్తుంది. ఇంతవరకు బాగానే ఉంది. అయితే ఖర్చు తగ్గించుకోవడానికి రెండు డేటా నోడ్లు, ఒక ఆర్బిటర్ (ఓటు మాత్రమే వేసి డేటా దాచని నోడ్) పెట్టినచోట డీఫాల్ట్ నిశ్శబ్దంగా ఒక్క నోడ్‌కి దిగిపోతుంది. అప్పుడు జర్నల్ కోసం ఆగడమూ ఉండదు. కాటా చీటీల వంటి వాటికి రైట్ కన్సర్న్ మెజారిటీ, జే ట్రూ అని కోడ్‌లోనే స్పష్టంగా రాయండి. ఆర్బిటర్ బదులు మూడో డేటా నోడ్ పెట్టగలిగితే ఇంకా మేలు. లేకపోతే ఒక డేటా నోడ్ పడిన రోజు మెజారిటీ రైట్లు ఆగిపోతాయి.

రెడిస్

రెడిస్ తలకిందులు. మెమరీనే ఇల్లు, డిస్క్ కేవలం నకలు. ఏఓఎఫ్, అంటే ప్రతి మార్పునూ రాసుకునే లాగ్, డీఫాల్ట్‌గా ఆఫ్‌లో ఉంటుంది. స్నాప్‌షాట్ (మొత్తం డేటా నకలు) గంటలో ఒక్క మార్పున్నా, 5 నిమిషాల్లో 100 ఉన్నా, నిమిషంలో 10,000 ఉన్నా తీస్తుంది. నెమ్మదిగా నడిచే కాటాకి ఇది గంట నష్టం కూడా కావచ్చు. ఏఓఎఫ్ ఆన్ చేసి ఎవ్రీసెక్ పెడితే నష్టం ఒకటి రెండు సెకన్లకు తగ్గుతుంది, ఆల్వేస్ పెడితే ప్రతిసారీ సింక్.

ఒక ప్రమాదాన్ని గట్టిగా చెప్పాలి. ప్రైమరీలో డిస్క్ నకలు పూర్తిగా ఆపేసి, ‘రెప్లికా ఉందిగా’ అని, ఆటో రీస్టార్ట్ పెట్టారనుకోండి. కరెంటు ఒక్క క్షణం ఊగి ప్రైమరీ మాత్రమే రీస్టార్ట్ అయింది. అది ఖాళీగా లేస్తుంది. రెప్లికా వెంటనే దాన్ని చూసి తన డేటా చెరిపేసుకుని ఆ ఖాళీని కాపీ చేసుకుంటుంది. రెండు చోట్లా ఏమీ మిగలదు. స్నాప్‌షాట్ తీసేటప్పుడు ప్రాసెస్ రెండుగా చీలుతుంది (ఫోర్క్) కాబట్టి, ఆ సమయంలో రైట్లు ఎక్కువగా ఉంటే మెమరీ రెట్టింపు దాకా పోవచ్చు. 16 జీబీ మెషీన్‌లో మ్యాక్స్‌మెమరీ 14 పెట్టడం, లినక్స్ దాన్ని చంపేయడానికి ఆహ్వానం. 9, 10 దగ్గర ఆగండి. సెషన్లు, టోకెన్ క్యూలు, ఓటీపీలు, వీటికి రెడిస్ బంగారం. అసలు ఖాతాకి మాత్రం వేరే ఇల్లు చూడండి.

నోడ్లను దూరం పెట్టడం కూడా ఒక ఎంపికే

ఫైబర్‌లో కాంతి మిల్లీసెకనుకు సుమారు 200 కిలోమీటర్లు పోతుంది. తిరుపతి నుంచి చిత్తూరు 70 కిలోమీటర్లనుకుంటే రానూపోనూ 0.7 మిల్లీసెకన్లు, చెన్నై 140 అనుకుంటే 1.4, హైదరాబాద్ 560 అనుకుంటే 5.6. ఇవి భౌతిక శాస్త్రం ఇచ్చే కనీసాలు, నిజంలో లైన్లు చుట్టూ తిరిగి వస్తాయి కాబట్టి రెండు మూడు రెట్లు వేసుకోండి. అయినా మనిషి బటన్ నొక్కే పనికి అది ఏమాత్రం బరువు కాదు. తిరుపతి ఆఫీసులో ఒకటి, చిత్తూరు ఫ్యాక్టరీలో ఒకటి, చెన్నైలో అద్దెకు తీసుకున్న మెషీన్ ఒకటి పెడితే, మూడింటికీ ఒకేసారి కరెంటు పోవడం బాగా అరుదు. అప్పుడు మెమరీలో మూడు కాపీలన్న మాటకు విలువ వస్తుంది. పూర్తిగా క్లౌడ్‌కి వెళ్ళేవాళ్ళకి, హైదరాబాద్‌లో అమెజాన్ రీజియన్ 2022 నవంబర్ నుంచి మూడు జోన్లతో ఉంది. నోడ్లను మూడు జోన్లకీ పంచండి, ఒకే జోన్‌లో మూడు పెడితే మళ్ళీ ఒకే గది కథే.

గది మార్చలేనివాళ్ళు కనీసం యూపీఎస్‌ను డేటాబేస్‌కి పరిచయం చేయండి. నట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ యూపీఎస్ నుంచి ‘బ్యాటరీ తగ్గింది’ అన్న కబురు అందుకుంటుంది. అందగానే కాసాండ్రా అయితే నోడ్‌టూల్ డ్రెయిన్ నడిపి, మెమ్‌టేబుళ్ళు ఫ్లష్ అయ్యాక షట్‌డౌన్ చేయించాలి. లెడ్ యాసిడ్ బ్యాటరీల ఆయుష్షు 25 డిగ్రీల గదికి లెక్కేసింది, పైన ప్రతి 8–10 డిగ్రీలకీ సుమారు సగానికి పడిపోతుంది. మన మే నెలలో ఏసీ లేని గదిలో ఉన్న బ్యాటరీ మీద రాసిన సంవత్సరాల్ని నమ్మకండి.

ప్లగ్ పీకి చూడండి

ఏది ఎంచుకున్నా సీజన్‌కు ముందు ఈ పరీక్ష చేయాల్సిందే. యూపీఎస్ కింద లేని ల్యాప్‌టాప్ మీద ఒక చిన్న స్క్రిప్ట్ నడపండి. అది 1, 2, 3 అని వరుస అంకెలు డేటాబేస్‌లో రాస్తూ, ‘సేవ్ అయింది’ అని జవాబొచ్చిన ప్రతి అంకెనూ తన ఫైల్లో నోట్ చేసుకోవాలి. రెండు నిమిషాలయ్యాక మూడు సర్వర్ల కరెంటూ ఒకేసారి తీసేయండి. షట్‌డౌన్ కాదు, బోర్డు మీద స్విచ్. తిరిగి లేపి, ల్యాప్‌టాప్‌లో ఉన్న ఆఖరి అంకె డేటాబేస్‌లో ఉందో లేదో, మధ్యలో ఖాళీలున్నాయో చూడండి. ఒక్కసారి గెలిస్తే నమ్మకండి, సింక్ అప్పుడే అయి ఉండొచ్చు. పదిసార్లు చేయండి. బ్యాచ్ మోడ్ పెట్టినా, రాఫ్ట్ ఉన్నా అంకెలు పోతున్నాయంటే తప్పు డేటాబేస్‌ది కాకపోవచ్చు. సింక్ అయిందని అబద్ధం చెప్పే డిస్క్, లేదా బ్యాటరీ లేకుండా రైట్ క్యాష్ ఆన్‌లో ఉన్న రెయిడ్ కార్డు (పలు డిస్క్‌లను కలిపి నడిపేది) ఉండొచ్చు.

డిస్క్ ఎర్రర్ వస్తే ఏం చేయాలన్న సెట్టింగును కూడా ఆ రోజే చూసుకోండి. ఎఫ్‌సింక్ ఒకసారి విఫలమైతే, లినక్స్ ఆ పేజీల్ని శుభ్రమైనవిగా గుర్తు పెట్టేసి రెండోసారి ‘అయింది’ అనేయొచ్చు. ఇది 2018లో పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ బృందం దృష్టికి వచ్చి, 2019లో వాళ్ళు ఎఫ్‌సింక్ తప్పితే సర్వర్‌ను ఆపేసి లాగ్ నుంచి మళ్ళీ లేచేలా మార్చారు. కాసాండ్రాలో కమిట్ ఫెయిల్యూర్ పాలసీ డీఫాల్ట్‌గా స్టాప్. ఎవరైనా ‘నోడ్ ఆగిపోతోంది’ అని దాన్ని ‘ఇగ్నోర్’కి మార్చి ఉంటే, వెనక్కి మార్చండి.

ఇక కాటా అప్లికేషన్‌లో వరుస సరిచూడండి. రికార్డు పంపడం, డేటాబేస్ జవాబు కోసం ఆగడం, ఆ తర్వాతే చీటీ ప్రింట్. జవాబు రాకముందే కరెంటు పోతే చీటీ రాదు, ట్రాక్టర్ ఇంకా కాటా మీదే ఉంటుంది, వెలుగు వచ్చాక మళ్ళీ తూచవచ్చు. అయితే జవాబు రాకపోయినా రికార్డు లోపలికి చేరి ఉండే అవకాశం ఉంది కాబట్టి, చీటీ నంబర్‌ను కాటా దగ్గరి మెషీనే ముందుగా ఇచ్చి, తన డిస్క్‌లో రాసిపెట్టుకుని, అదే నంబర్‌తో మళ్ళీ పంపాలి. డేటాబేస్‌లో ఆ నంబరే కీ. అప్పుడు రెండుసార్లు పంపినా 1187 ఒక్కటే ఉంటుంది, 4,380 కిలోలకు ఒక్కసారే లెక్క పడుతుంది.